లేవలేకపోవడం నీరసం కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. తెలుగులో ‘నీరసం’ అనే మాట మీద మోయలేనంత బరువు పడింది. రక్తం తక్కువైనా నీరసమే, జ్వరం వచ్చి తగ్గినా నీరసమే, రాత్రి నిద్ర పట్టకపోయినా, మనసు బాగాలేకపోయినా నీరసమే. కుర్చీలోంచి లేవలేని మనిషి కూడా డాక్టరు దగ్గర అదే మాట చెబుతాడు. ఒక సెలైన్ బాటిల్, రెండు బలం సూదులు, నెలకు సరిపడా విటమిన్ గోలీలతో ఇంటికొస్తాడు. మన హైదరాబాద్‌లో బస్తీలోనైనా, గేటెడ్ కాలనీలోనైనా ఇదే వరస. తుంటి చుట్టూ, భుజాల చుట్టూ ఉండే పెద్ద కండరాలు బలం కోల్పోవడం వేరే సంగతి. దానికి కారణాలు వేరు. వాటిలో చాలావాటికి మందు ఉంది. కొన్నింటిలో ఆలస్యం చేస్తే పోయిన బలం తిరిగి రాదు. మీ ఆరోగ్య పేజీ చదివేవాళ్లకు ఈ తేడా తెలియాలని రాస్తున్నాం. ఉత్తరం పొడవైంది. స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే మందుల గురించీ, మగపిల్లల గురించీ రాసిన భాగాలు మాత్రం ఉంచమని మనవి.

నీరసంగా ఉన్న మనిషికి పని చేయబుద్ధి కాదు, కానీ తప్పదంటే చేస్తాడు. కండరం బలహీనపడిన మనిషికి చేయాలనే ఉంటుంది, ఒళ్లు లేవదు. కాబట్టి ‘ఎలా ఉంది’ అని అడిగితే జవాబు దొరకదు. ‘ఇదివరకు చేసే ఏ పని ఇప్పుడు ఆగిపోయింది’ అని అడగాలి.

తుంటి, తొడ కండరాలు తగ్గితే మొదట ఆగేది నేల మీంచి లేవడం. గొంతుక్కూర్చుంటే లేవలేరు. ఇంట్లోవాళ్లు మోకాళ్లు అరిగాయనుకుని వెస్టర్న్ కమోడ్ పెట్టిస్తారు. ఆ తర్వాత కమోడ్ మీంచి కూడా గోడ పట్టుకునే లేస్తారు. లోతైన సోఫాలో కూర్చోవడం మానేస్తారు. సిటీ బస్సు మొదటి మెట్టు ఎక్కడానికి రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటారు. నమాజులో సజ్దా నుంచి లేచేటప్పుడు అరచేతులు నేలకు నొక్కుతారు, కొన్నాళ్లకు కుర్చీలో కూర్చుని చదువుకుంటారు. పెళ్లి భోజనాల్లో కింద వరసలో కూర్చోనంటారు. భుజాల సంగతైతే జడ దగ్గర బయటపడుతుంది. చెయ్యి తల వెనక్కి వెళ్లి నిలవదు, సగంలో దించి మళ్లీ ఎత్తుతారు. చెయ్యి పైకి రాక తలనే కిందికి వంచి దువ్వుకుంటారు. దండెం మీద బట్ట వేయలేరు. సజ్జ మీది డబ్బా అందదు. ఏటా బోనం తానే నెత్తికెత్తుకునే మనిషి ఈసారి ఇంకొకరిని ఎత్తిపెట్టమంటుంది. ఇవన్నీ నెమ్మదిగా వస్తాయి. మనిషి ఒక్కో పనినీ వదులుకుంటూ, ఒక్కోదానికీ ఒక కారణం చెప్పుకుంటూ సర్దుకుపోతాడు. చుట్టూ ఉన్నవాళ్లు వయసు మీద పడిందంటారు. నలభై ఐదేళ్లకు మీద పడే వయసు ఏముంటుంది?

ఒంటికి దూరంగా, చేతులూ పాదాల కొసల వైపు ఉండే కండరాల బలహీనత ఇలా ఉండదు. చెప్పు కాలి నుంచి జారిపోయి తెలియకపోవడం, చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోవడం, తాళంచెవి తిప్పలేకపోవడం, అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉంటే సాధారణంగా నరాల వైపు చూడాలి. కండరం జబ్బులో స్పర్శ చెక్కుచెదరదు. బలం పోయి స్పర్శ మిగలడం, అదీ రెండు వైపులా దాదాపు సమానంగా, ఒంటికి దగ్గరగా ఉన్న కండరాల్లో మొదలవడం కండరం జబ్బు ఆనవాలు. ‘నరాల వీక్‌నెస్’ అనే మాట ఈ తేడాను మింగేస్తోంది. గోడల మీద ఆ ప్రకటనలు చూసి ఏళ్ల తరబడి వేరే మందులు మింగినవాళ్లు తక్కువేమీ కాదు.

నొప్పిని కూడా విడిగా చూడాలి. షుగర్ ఉన్నవాళ్లకు భుజం బిగుసుకుపోవడం మామూలు. చెయ్యి పైకి రాదు కాబట్టి బలం లేదనిపిస్తుంది. తేల్చుకోవడం తేలిక. రోగిని పడుకోబెట్టి, చెయ్యి వదులుగా ఉంచమని చెప్పి, ఇంకొకరు ఆ చేతిని మెల్లగా పైకి ఎత్తాలి. ఎత్తినా సగంలో ఆగిపోయి నొప్పి పుడితే కీలు బిగిసింది. ఎత్తితే చెవి దాకా హాయిగా వచ్చి, తనంతట తాను ఎత్తమంటే రాకపోతే లోపం బలంలోనే ఉంది. ఇది చూడకుండానే భుజానికి పది రోజులు కరెంటు పెట్టించుకుని, తగ్గలేదని ఇంకో చోటికి వెళ్లి మళ్లీ కరెంటు పెట్టించుకుంటున్నారు.

నేల మీంచి లేచే తీరును దగ్గరగా చూడాలి. బలహీనత ఉన్న మనిషి ముందు పక్కకు తిరిగి రెండు అరచేతులూ నేలకు ఆనిస్తాడు. మోకాళ్లు చాపి పిరుదులు పైకెత్తుతాడు. అప్పటికి నాలుగు కాళ్ల మీద ఉన్నట్టుంటాడు. చేతుల్ని నేల మీదే కాళ్ల వైపు జరుపుకొస్తాడు. తర్వాత ఒక చెయ్యి తీసి మోకాలి మీద వేస్తాడు, ఆపైన రెండోది. మోకాలి నుంచి తొడ మీదికి, తొడ మీంచి ఇంకాస్త పైకి నొక్కుకుంటూ, తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కుతున్నట్టు నడుం నిలబెడతాడు. లండన్ వైద్యుడు విలియం గవర్స్ 1879లో దీన్ని వర్ణించాడు, అందుకే గవర్స్ గుర్తు అంటారు. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. నేల మీద చాప, చూసే కన్ను చాలు.

నడక కూడా చెబుతుంది. ఒక కాలు ఎత్తినప్పుడు నేల మీదున్న కాలి వైపు తుంటి కండరం నడుమును సమంగా నిలబెట్టాలి. అది చేతకాకపోతే ఎత్తిన కాలి వైపు నడుం జారుతుంది. పడిపోకుండా మనిషి ఒంటిని నేల మీదున్న కాలి వైపు వంచుతాడు, తర్వాతి అడుగుకు రెండో వైపు. బాతు నడక అనేది అదే. పొట్ట ముందుకు, నడుం లోపలికి వంగి ఉంటాయి.

ఇంట్లో చూసుకోవడానికి ఒక కొలత ఉంది. చేతులు లేని కుర్చీ, నేల నుంచి సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్నది, గోడకు ఆనించి పెట్టాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని వెంటవెంటనే ఐదుసార్లు పూర్తిగా నిలబడి కూర్చోవాలి. ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న హద్దు ప్రకారం పెద్ద వయసువాళ్లకు 12 సెకన్లు, అంతకు మించి పడితే పరీక్ష అవసరం. చేతులు వాడకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే గడియారంతో పని లేదు. ఇంకోటి, వెల్లకిలా పడుకుని దిండు మీంచి తల ఎత్తి పట్టమనండి. తల ఎత్తలేకపోవడం కండరాల వాపు జబ్బులో తరచూ కనిపిస్తుంది, దాన్ని ఎవరూ అడగరు. ముసలివాళ్ల చేత ఇవి చేయించేటప్పుడు పక్కన ఒక మనిషి నిలబడాలి.

బలహీనత ఉందని తేలాక అడగాల్సింది, ఎంతకాలంగా? గంటల్లో వచ్చిందా, వారాల్లోనా, ఏళ్లలోనా అన్నదాన్ని బట్టి కారణాల జాబితా మొత్తం మారిపోతుంది.

రాత్రి బాగా తిని పడుకున్న కుర్రాడు తెల్లారి మంచం మీంచి లేవలేకపోతాడు. స్పృహ ఉంటుంది, మాట ఉంటుంది, కాళ్లు మాత్రం కదలవు. ఇంట్లో గాలి సోకిందంటారు, పక్షవాతం అంటారు. చాలాసార్లు రక్తంలో పొటాషియం పడిపోవడమే కారణం. మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ ఉండాల్సింది 2 దగ్గరికో, ఇంకా కిందికో వస్తుంది. అన్నం, స్వీట్లు బాగా పట్టించిన రాత్రి, లేదా ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి పడుకున్న రాత్రి తర్వాత ఇది వస్తుంది. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. నీరసమని గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. గ్లూకోజ్ లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెడుతుంది, ఉన్న కాస్తా తగ్గుతుంది. చేతులు కూడా పడిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. కాబట్టి ఉన్నట్టుండి కాళ్లు పడిపోతే గ్లూకోజ్ ఎక్కించకముందే పొటాషియం, ఈసీజీ చూడమని గట్టిగా అడగండి. తగ్గిన తర్వాత పని అయిపోలేదు. కుర్రాళ్లలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, ఆడవాళ్లలో మూత్రపిండాలు ఆమ్లాన్ని బయటికి పంపలేకపోవడం దీని వెనక ఉండవచ్చు. రెండోదాంట్లో నోరు, కళ్లు పొడిబారడం కూడా ఉంటే షోగ్రెన్ జబ్బు కోసం వెతకాలి. ఈ కారణాలు వదిలేసి పొటాషియం సిరప్ మాత్రమే ఇచ్చి పంపితే మళ్లీ అదే మంచం, అదే అంబులెన్సు.

పాదాల నుంచి పైకి రోజుల్లో పాకుతూ, విరేచనాలో జ్వరమో తగ్గిన ఒకటి రెండు వారాలకు మొదలైతే గిలాన్ బారే అనే నరాల జబ్బును అనుమానించాలి. అది ఆసుపత్రిలో ఉండాల్సిన జబ్బు, ఇక్కడ అంతకంటే చెప్పం.

వారాల్లో, నెలల్లో వచ్చేవాటిలో అందరికీ అందుబాటులో చికిత్స ఉన్నది విటమిన్ డి లోపం. హైదరాబాద్ మీద ఎండకు కొదవ లేదు. ఆ ఎండ మన చర్మం మీద పడటం లేదు, అంతే. ఫ్లాటు నుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి కారు, కారు నుంచి ఏసీ ఆఫీసు. ఇంటి పట్టునే ఉండే ఆడవాళ్లకు, ఒళ్లంతా కప్పుకునేవాళ్లకు ఆ మాత్రం కూడా లేదు. పొద్దున్నే లేత ఎండలో నిలబడితే చాలనుకుంటారు. చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు ఆ వేళ చాలా తక్కువ. నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉండే వేళలో, చేతులు, ముఖం ఎండకు తగిలేలా పదిహేను ఇరవై నిమిషాలు కావాలి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఆ కిరణాలు లోపలికి రావు. మే నెల నడిమధ్యాహ్నం బయటికి వెళ్లమని మా ఉద్దేశం కాదు, అప్పుడు పది గంటలకే సరిపెట్టుకోండి. లోపం ముదిరితే ఎముకలు మెత్తబడతాయి. తుంటి, పక్కటెముకలు, ముంగాలి ఎముక నొక్కితే నొప్పి ఉంటుంది, మెట్లెక్కడం కష్టమవుతుంది, బాతు నడక వస్తుంది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరుగుతుంది, కండరం దెబ్బతింటే పెరిగే సీపీకే మాత్రం మామూలుగానే ఉంటుంది. సాధారణంగా 60,000 యూనిట్ల పొడి వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు, తోడుగా కాల్షియం ఇస్తారు. తప్పు జరిగేది చీటీ చదవడంలో. వారానికొకటి అని రాసింది రోజుకొకటిగా వాడి, వాంతులు, మలబద్ధకం, లెక్కలేనన్నిసార్లు మూత్రం, చివరికి మూత్రపిండాల దెబ్బతో ఆసుపత్రికి వస్తారు. దాని పైన 6 లక్షల యూనిట్ల సూదులు మళ్లీ మళ్లీ వేయించుకోవడం ఇంకో పొరపాటు. చీటీ మీద ఏ వారం ఏ రోజు వేసుకోవాలో పెన్నుతో రాయించుకోండి. మూర్ఛకు ఫెనిటోయిన్ ఏళ్లుగా వాడేవాళ్లకు ఈ లోపం తొందరగా వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

థైరాయిడ్ తక్కువైతే కండరాలు పట్టేస్తాయి, బరువెక్కుతాయి, లేవడం కష్టమవుతుంది. సీపీకే వందల్లోకి, ఒక్కోసారి వేలల్లోకి వెళ్తుంది. ఇందులో ఒక ఉచ్చు ఉంది. థైరాయిడ్ తగ్గినప్పుడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. హెల్త్ ప్యాకేజీ రిపోర్టులో ఆ కొలెస్ట్రాల్ ఒక్కటే చూసి స్టాటిన్ గోలీ మొదలుపెడతారు. స్టాటిన్ ఎలాగూ కండరాల మీద కాస్త బరువు వేసే మందు, థైరాయిడ్ లోపం ఉన్న ఒంట్లో ఇంకా ఎక్కువ వేస్తుంది. మనిషికి కాళ్లు ఇంకా బిగుస్తాయి. థైరాయిడ్ సరిచేస్తే కొలెస్ట్రాల్ దానంతటదే దిగివచ్చేది. అందుకని స్టాటిన్ మొదలుపెట్టే ముందు థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ ఒకసారి చూడమని అడగడం తప్పేమీ కాదు.

ఇక మందుల సంగతి. కండరాలను దెబ్బతీసే కారణాల్లో మనం డబ్బిచ్చి కొనుక్కునేవి ఇవే.

స్టెరాయిడ్ మొదటిది. కీళ్ల నొప్పులకు పేరు, చిరునామా లేని పొట్లాలు, ఆయాసానికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే చిన్న తెల్ల గోలీలు, నొప్పి ఎక్కడున్నా వేసే సూదులు, వీటిలో చాలాసార్లు ప్రెడ్నిసొలోనో, డెక్సామెథసోనో, బెటామెథసోనో ఉంటుంది. వేసుకున్న రోజే హాయిగా ఉంటుంది, అందుకే దాని మీద నమ్మకం. కొన్ని వారాలు, నెలలు గడిచేసరికి తొడలు సన్నబడతాయి, ముఖం గుండ్రమవుతుంది, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తాయి, చర్మం పల్చబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది, కింద కూర్చుంటే లేవలేరు. డెక్సామెథసోన్ లాంటివి కండరానికి మరీ చెడ్డవి. ఇందులో సీపీకే మామూలుగానే ఉంటుంది. ‘రిపోర్టు నార్మల్, మీకేమీ లేదు’ అని పంపేస్తే మనిషి అదే పొట్లం దగ్గరికి తిరిగి వెళ్తాడు. ఒక హెచ్చరిక తప్పదు. మూడు వారాలకు మించి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానకూడదు. ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోయి ఉంటుంది కాబట్టి బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించుకోవాలి.

స్టాటిన్ల గురించి భయపెట్టడం మా ఉద్దేశం కాదు. స్టెంటు పడినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు ఈ ఉత్తరం చదివి అటోర్వాస్టాటిన్ మానేస్తే మేం మేలు చేయబోయి కీడు చేసినట్టే. ఒళ్లు నొప్పులు చాలామందికి వస్తాయి, నిజమైన బలహీనత కొద్దిమందికే. సీపీకే హద్దుకు పది రెట్లు దాటితేనో, బలహీనత స్పష్టంగా ఉంటేనో డాక్టరే ఆపుతారు. అయితే పక్కన వేసుకునే మందులు చూసుకోండి. తామర మొండికేసిందని ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ నెలల తరబడి వాడేవాళ్లు ఇప్పుడు నగరంలో ఎంతోమంది. అటోర్వాస్టాటిన్ లాంటి స్టాటిన్లను విరగగొట్టే కాలేయపు ఎంజైమును అది అడ్డుకుంటుంది, రక్తంలో స్టాటిన్ మోతాదు పెరిగిపోతుంది. గొంతు నొప్పికి ఇచ్చే క్లారిత్రోమైసిన్ కూడా అంతే. చర్మం డాక్టరుకు గుండె మందుల చీటీ చూపించరు, గుండె డాక్టరుకు తామర సంగతి చెప్పరు. స్టాటిన్ ఆపి రెండు మూడు నెలలైనా బలహీనత తగ్గక, ఇంకా పెరుగుతూ పోతే మందు పోయినా రోగనిరోధక శక్తి కండరం మీద దాడి చేస్తోందేమో చూడాలి. దానికి ప్రత్యేకమైన యాంటీబాడీ పరీక్ష, వేరే చికిత్స ఉన్నాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు గౌట్‌కు వాడే కొల్చిసిన్, రోజూ తప్పని మద్యం కూడా ఈ లెక్కలో రాసుకోవాలి.

వారాల్లో, నెలల్లో పెరిగే బలహీనతకు తోడు కనురెప్పల మీద ఊదారంగు, వేళ్ల కణుపుల మీద ఎర్రటి పొలుసులు, మెడ కింద ఎండ తగిలేచోట ఎరుపు ఉంటే అది చర్మానికీ కండరాలకీ వాపు తెచ్చే డెర్మటోమయోసైటిస్ కావచ్చు. చర్మం డాక్టరు దగ్గర అలర్జీ అని, ఎముకల డాక్టరు దగ్గర మోకాళ్లని రెండు ముక్కలుగా చూస్తే ఎప్పటికీ పట్టుబడదు. నీళ్లు తాగితే పొలమారడం, నీళ్లు ముక్కులోకి రావడం, పొడి దగ్గు, ఆయాసం ఉంటే ఊపిరితిత్తులు, మింగే కండరాలు కూడా చిక్కాయని తెలుసుకోవాలి. నలభై దాటినవాళ్లలో దీని వెనక ఎక్కడైనా క్యాన్సర్ ఉందేమో వెతకాలి. మందు మాత్రం ఉంది. ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము చొప్పున మొదలుపెట్టి, మెథోట్రెక్సేటో అజాథయోప్రిన్నో చేర్చి, నెలల మీద తగ్గిస్తూ పోతారు. నాలుగైదు నెలలయ్యాక సీపీకే తగ్గినా తుంటి మళ్లీ బలహీనపడితే అది జబ్బు తిరగబెట్టడం కాకుండా స్టెరాయిడ్ చేసిన పని కావచ్చు. మోతాదు పెంచాలా తగ్గించాలా అన్నది ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

సాయంత్రానికి ఎక్కువై, పొద్దున తగ్గి, కనురెప్పలు వాలి, ఒకటి రెండుగా కనిపిస్తే, నరం నుంచి కండరానికి సంకేతం సరిగా అందని మయస్తీనియా జబ్బును అనుమానించాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఒకే తొడలో రాత్రిళ్లు భరించలేని నొప్పి మొదలై, రెండు మూడు వారాల్లో ఆ తొడ సన్నబడి మోకాలు మడత పడిపోతుంటే అది షుగర్ వల్ల వచ్చిన నరాల జబ్బు. నెలల మీద మెల్లగా తగ్గేదే. నడుం ఎంఆర్ఐలో ఎవరికైనా కనిపించే డిస్కు చూసి ఆపరేషన్‌కు తొందరపడకండి.

పరీక్షల విషయంలో ఒక్కటి. సీపీకే చూపించేది కండరం లోపలి పదార్థం రక్తంలోకి ఎంత కారిందన్నదే. కొత్తగా జిమ్‌లో చేరి బరువులెత్తిన మర్నాడు అది వేలల్లో ఉండవచ్చు. తుంటికి సూది వేయించుకున్నా పెరుగుతుంది. కాబట్టి వారం రోజులు గట్టి వ్యాయామం, సూదులు లేకుండా చేయించుకోండి. వ్యాయామం తర్వాత మూత్రం కోకాకోలా రంగులో వస్తే మాత్రం వారం ఆగకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి విడతలో సీపీకే, టీఎస్‌హెచ్, పొటాషియం, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, క్రియాటినిన్, షుగర్ చాలు. కండరంలో సూది గుచ్చి చూసే ఈఎంజీ, ఎంఆర్ఐ, కండరం ముక్క పరీక్ష ఆ తర్వాత. ముక్క తీసేది ఈఎంజీ సూది గుచ్చని వైపు నుంచి ఉండాలి, గుచ్చిన చోట వాపు జబ్బులాగే కనిపిస్తుంది.

ఇక మగపిల్లలు. పుట్టినప్పుడు బాగుంటాడు. ఏడాదిన్నర దాటినా నడవడు. నడిచాక పరుగెత్తలేడు, ముందరి పాదాల మీద నడుస్తాడు, ఊరికే పడుతుంటాడు, మెట్లకు రెయిలింగ్ వెతుక్కుంటాడు. పిక్కలు మాత్రం పుష్టిగా కనిపిస్తాయి, చుట్టాలు వాటిని చూసి మురుస్తారు. జ్వరానికి రక్తపరీక్ష చేయిస్తే, కాలేయం కోసం చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ వందల్లో వస్తాయి. కాలేయం జబ్బని సిరప్‌లు, పత్యాలు, స్కానింగులు, ఒక్కోచోట కాలేయం ముక్క తీసేదాకా వెళ్తుంది. ఆ రెండు ఎంజైములు కండరంలోనూ ఉంటాయి. కామెర్లు లేకుండా అవి పెరిగిన ప్రతి పిల్లవాడికీ సీపీకే చూడాలి. అది పది వేలు దాటి ఉంటే డుషేన్ కండరాల క్షీణతను అనుమానించాలి. జీజీటీ అనే ఇంకో కాలేయ పరీక్ష మామూలుగా ఉండటం కూడా అదే చెబుతుంది. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇది. దీనికి మూలమైన డిస్ట్రోఫిన్ జన్యువులో 79 ముక్కలున్నాయి, మూడింట రెండు వంతుల పిల్లల్లో వాటిలో కొన్ని ఊడిపోయి ఉంటాయి. దాన్ని రక్తంతోనే ఎంఎల్‌పీఏ అనే జన్యు పరీక్షలో పట్టుకోవచ్చు, కండరం కోయక్కర్లేదు.

పైన తప్పుపట్టిన స్టెరాయిడే ఇక్కడ మేలు చేస్తుంది. సరైన వయసులో, డాక్టరు లెక్కలో డెఫ్లాజకార్ట్ మొదలుపెడితే నడక ఇంకొన్ని ఏళ్లు నిలుస్తుంది. మడమ నరం బిగుసుకోకుండా రోజూ సాగదీయించాలి. బరువులు, గెంతులు, మెట్లు దిగే వ్యాయామాలు వద్దు, దిగేటప్పుడే కండరం ఎక్కువ చిరుగుతుంది. ఏటా గుండెకు ఎకో. ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరుకు జబ్బు పేరు ముందే చెప్పాలి. సక్సినైల్‌కోలిన్ అనే మందు ఈ పిల్లల గుండెను ఆపేయగలదు.

ఈ జబ్బు మేనరికం వల్ల రాదు. తల్లి నుంచి ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది, మూడింట ఒక వంతు పిల్లల్లో తల్లికి కూడా లేకుండా కొత్తగా పుడుతుంది. కాబట్టి ఇంట్లో ఒకరినొకరు నిందించుకోవడంలో అర్థం లేదు. మేనరికంతో ముడిపడ్డవి వేరే ఉన్నాయి. టీనేజీలోనో, ఇరవైల్లోనో ఆడామగా తేడా లేకుండా తుంటి, భుజాల్లో మొదలయ్యే లింబ్ గర్డిల్ రకాలు. వాటిలో ఎక్కువ భాగం తల్లి వైపు ఒక లోపం, తండ్రి వైపు ఒక లోపం కలిస్తేనే వస్తాయి. మేనమామనో, మేనబావనో చేసుకున్న ఇళ్లలో రెండు వైపులా అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. ఒకసారి అలా కలిసిన దంపతులకు ప్రతి కాన్పులోనూ నూటికి 25 పాళ్ల ప్రమాదం ఉంటుంది.

ఈ సంగతుల్లో హైదరాబాద్ చాలా ఊళ్లకంటే నయం. పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి, ఉప్పల్‌లో డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ ఉన్నాయి. 2021 జాతీయ అరుదైన జబ్బుల విధానం కింద ఈ రెండూ కలిసి ఒక కేంద్రం. కండరాల క్షీణత 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి, 40 శాతం సర్టిఫికెట్ వస్తే పింఛను, ప్రయాణ రాయితీలకు దరఖాస్తు చేసుకోవచ్చు. కొరవ ఉన్నది మొదటి మెట్టులో. బస్తీ దవాఖానాలో రక్తం తీసి పంపే ఏర్పాటు ఉంది. నీరసమని వచ్చిన మనిషిని ఐదుసార్లు లేచి కూర్చోమనడానికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం చీటీలో ఒక గడిగా పెట్టమని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం. రోగులు కూడా ఒక పని చేయాలి. నేల మీంచి లేస్తున్నప్పుడు, మెట్లెక్కుతున్నప్పుడు పక్క నుంచి అర నిమిషం ఫోన్ వీడియో తీసి, వాడే మందుల స్ట్రిప్పులన్నీ, పొట్లాలతో సహా, ఒక సంచీలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వెంటనే వెళ్లాల్సిన గుర్తులు కొన్ని. గంటల్లో, రోజుల్లో పెరుగుతున్న బలహీనత, పొలమారడం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, మూత్రం ఆగిపోవడం. గట్టిగా ఊపిరి పీల్చి ఒకే గుక్కలో అంకెలు లెక్కపెట్టమనండి, 20 కూడా దాటకపోతే ఊపిరి కండరాలు తగ్గిపోయాయి, అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకూడదు.

డుషేన్ ఉన్న పిల్లవాడి ఇంటి గురించి ఒక్క మాట మిగిలింది. తల్లికి మళ్లీ నెల తప్పకముందే ఆ పిల్లవాడి జన్యు రిపోర్టు చేతిలో ఉండాలి. ఏ ముక్క ఊడిందో తెలిస్తేనే 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి కడుపులోని బిడ్డకు పరీక్ష చేయగలరు. తెలియకపోతే ఏం వెతకాలో ల్యాబుకే తెలియదు. పిన్నికి, అక్కకు, పెళ్లీడుకొచ్చిన చెల్లెలికి కూడా ఆ రిపోర్టే ఆధారం. పిల్లవాడు బతికుండగా రక్తం తీసి డీఎన్ఏ దాచి ఉంచమని ల్యాబును అడగండి, రిపోర్టు నకళ్లు పుట్టింటి వైపు ఆడవాళ్లందరి దగ్గరా ఉంచండి.

ఇట్లు,
కొందరు నరాల వైద్యులు, ఫిజియోథెరపిస్టులు
హైదరాబాద్